సెకనుకో ప్రశ్న

2003 మే 14, బుధవారం. అమెరికాలోని మాడిసన్ నగరం. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో నెట్‌వర్క్ చూసుకునే ఇంజినీర్ల ముందున్న గ్రాఫులో ఒక గీత ఉన్నట్టుండి నిట్టనిలువుగా లేచింది. బయటి నుంచి ప్రాంగణంలోకి సెకనుకు పదుల వేల ప్యాకెట్లు దూసుకొస్తున్నాయి. అన్నిటి గమ్యం ఒకటే: 128.105.39.11.

ఆ చిరునామాలో దోచుకోవడానికేమీ లేదు. అది కంప్యూటర్ సైన్స్ విభాగంలోని టైమ్ సర్వర్. ఎవరైనా ‘టైమెంత?’ అని అడిగితే చెప్పడమే దాని పని. అడిగేవాళ్లు విశ్వవిద్యాలయం మనుషులే కానక్కర్లేదు. ప్రపంచంలో ఎవరైనా అడగొచ్చని తెరిచిపెట్టిన సర్వర్ అది. ఇంటర్నెట్ తొలి తరం వాళ్లు ఇలాంటి సేవలు చాలా చేశారు. తమ దగ్గర కచ్చితమైన గడియారం ఉంది, పదిమందికీ పనికొస్తుంది కదా అని పైసా ఆశించకుండా పెట్టేవారు. ఈ కథలో దెబ్బ తగిలింది ఆ మంచితనానికే.

ఆ ఇంజినీర్లలో ఒకరు డేవ్ ప్లోంకా. నెట్‌వర్క్‌లో ఏ దారిన ఎంత డేటా పోతోందో గ్రాఫులుగా గీసి చూపే ‘ఫ్లోస్కాన్’ అనే సాఫ్ట్‌వేర్ రాసింది ఆయనే. గీత లేచిన తీరు చూడగానే అక్కడివాళ్లకు తట్టిన మాట ఒక్కటే: దాడి. అలా అనుకోవడం సహజం కూడా. ఆ ఏడాది జనవరి 25న ‘స్లామర్’ అనే వార్మ్ నిమిషాల్లో ప్రపంచాన్ని చుట్టేసి నెట్‌వర్కులను అతలాకుతలం చేసింది. దొంగ చిరునామాలు తగిలించుకుని ఎక్కడెక్కడి నుంచో ఒకే సర్వర్ మీదికి ప్యాకెట్లు కుమ్మరించే దాడులు అప్పటికే మామూలైపోయాయి. అవి ఎంత హఠాత్తుగా వస్తాయో అంత హఠాత్తుగానూ పోతాయి. చేసేవాడికి విసుగొస్తుంది, లేదంటే ఇంకెవరో దొరుకుతారు.

అయితే ఈ ప్యాకెట్లలో రెండు విశేషాలున్నాయి. మొదటిది కొలత. ప్రతి ప్యాకెట్టూ సరిగ్గా 76 బైట్లు. టైమ్ అడిగే ప్రశ్న 48 బైట్లు, దానికి యూడీపీ హెడర్ 8, ఐపీ హెడర్ 20, కలిపితే 76. అంటే ఎవరో విసిరిన చెత్త కాదది, నియమం ప్రకారం రాసిన ప్రశ్న. రెండో విశేషం పోర్టు. మామూలుగా టైమ్ అడిగే కంప్యూటర్ 123వ పోర్టు నుంచో, ఆ సమయానికి ఖాళీగా దొరికిన ఇంకేదో పోర్టు నుంచో అడుగుతుంది. ఇక్కడ మాత్రం వేల చోట్ల నుంచి వస్తున్న ప్యాకెట్లన్నీ 23457వ పోర్టు నుంచే బయల్దేరాయి.

ఆ రోజుకి ఆ అంకె బాగా పనికొచ్చింది. ప్రాంగణం సరిహద్దు రౌటర్లలో ఒక నిబంధన రాశారు: 23457 నుంచి ఈ సర్వర్‌కు వచ్చేదేదీ లోపలికి రాకూడదు. సర్వర్ మీద ఒత్తిడి తగ్గింది. ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. నెట్‌వర్క్ బాధ్యత మోసే ఎవరైనా ఆ స్థితిలో అదే చేస్తారు. కానీ అసలు వరదకు గేట్లు ఎత్తింది ఆ నిబంధనే.

*

ఆ ప్యాకెట్లు బయల్దేరే చోటికి వెళ్దాం. ఒక ఇల్లనుకోండి, నలుగురైదుగురు పనిచేసే చిన్న ఆఫీసనుకోండి. ఒక మూల నెట్‌గేర్ కంపెనీ రౌటర్ మెరుస్తోంది. ఒకే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్‌ను నాలుగు కంప్యూటర్లకు పంచే చవక పెట్టె. ఇలాంటి వాటిలో ఖర్చు తగ్గించడానికి బ్యాటరీతో నడిచే గడియారం పెట్టరు. కరెంటు పోయి వస్తే అది ఏ సంవత్సరమో కూడా దానికి తెలియదు. కానీ టైమ్ లేకపోతే కుదరదు. ఎవరు ఏ సైటుకు ఎప్పుడు వెళ్లారో లాగ్‌లో రాయాలి. ఫలానా వేళల్లో ఫలానా సైట్లు రాకూడదని యజమాని పెట్టిన ఆంక్షను అమలు చేయాలి.

అందుకని లేవగానే అడుగుతుంది. టైమెంత? జవాబొస్తే గడియారం సర్దుకుని ఊరుకుంటుంది, మళ్లీ అడగడానికి తొందరపడదు. జవాబు రాలేదా, ఒక్క సెకను ఆగి మళ్లీ అడుగుతుంది. టైమెంత? ఇంకో సెకను. టైమెంత? కొంతసేపు చూసి మానెయ్యమనో, కాస్త ఎడం ఇచ్చి అడగమనో దానికెవరూ నేర్పలేదు. ఇంట్లోవాళ్లు పడుకున్నా, ఆఫీసు తాళం వేసినా అడుగుతూనే ఉంటుంది. రోజుకు 86,400 సార్లు. యజమానికి ఈ సంగతి ఎలా తెలుస్తుంది? నెట్ బాగానే వస్తోంది, మెయిళ్లు తెరుచుకుంటున్నాయి, లైట్లు ఎప్పటిలాగే మిణుకుమంటున్నాయి.

మాడిసన్‌లో తలుపు మూసేసరికి, అప్పటిదాకా జవాబులు అందుకుని నెమ్మదిగా ఉన్న పెట్టెలకూ జవాబు ఆగిపోయింది. ఒకదాని తర్వాత ఒకటి అవన్నీ సెకనుకోసారి తట్టడం మొదలుపెట్టాయి. తలుపు వెనకున్నవాళ్లకు ఆ తట్టడం వినిపించడం లేదు, అంతే.

జూన్ వచ్చింది. మే నెలలో పెట్టిన నిబంధన దగ్గర ఇప్పుడేం జరుగుతోందో వెళ్లి చూశారు. ఈపాటికి అంతా సద్దుమణిగి ఉండాలి. అక్కడ సెకనుకు 2,50,000 ప్యాకెట్లు వచ్చి తలుపుకు కొట్టుకుంటున్నాయి. ఒక్కొక్కటి 76 బైట్ల చొప్పున లెక్కేస్తే సెకనుకు 150 మెగాబిట్లు. 2003లో ఇళ్లకు వచ్చే బ్రాడ్‌బ్యాండ్ ఒకటి రెండు మెగాబిట్లుంటే గొప్ప.

నెలరోజులు విసుగు లేకుండా, అంతకంతకూ పెంచుకుంటూ దాడి చేసేవాడెవడు? అదీ ఒక గడియారం మీద?

*

ఈ గాథలో నేను ఎక్కువసేపు నిలబడదలచుకున్న చోటు ఇదే. నిబంధన పనిచేస్తోంది. సర్వర్ క్షేమంగా ఉంది. విశ్వవిద్యాలయంలో ఎవరూ ఫిర్యాదు చేయడం లేదు. ఇక్కడితో వదిలేసినా అడిగేవాళ్లు లేరు. ప్లోంకా బృందం వదల్లేదు. దాడి అన్న తమ మొదటి అనుమానాన్నే పక్కన పెట్టి, ఆ ప్యాకెట్ల మీదున్న చిరునామాలు నిజమైనవేనేమో అన్న కోణంలో మళ్లీ చూశారు. దొంగ చిరునామాలైతే క్షణక్షణానికీ మారాలి. ఇవి మారడం లేదు. ఒక్కో చిరునామా నుంచి సెకనుకు ఒక్కటి చొప్పున గడియారం ముల్లులా వస్తున్నాయి.

వాటిలో కొన్ని చిరునామాలు వేరే విద్యాసంస్థలవి. తమలాగే అక్కడ నెట్‌వర్క్ చూసుకునేవాళ్లకు రాశారు: ఫలానా చిరునామాలో ఉన్న పరికరం ఏమిటో కాస్త చూసి చెప్పగలరా? వచ్చిన సమాధానాల్లో హ్యాకర్ లేడు, వైరస్ సోకిన కంప్యూటర్ లేదు. ఉన్నది నెట్‌గేర్ రౌటర్.

అక్కడి నుంచి దారి సుగమమైంది. ఆ రౌటర్లలో నడిచే ఫర్మ్‌వేర్‌ను విప్పి చూస్తే లోపల ఉండకూడనిది ఉంది. 128.105.39.11. ఎక్కడో ఒక కంపెనీలో ప్రోగ్రామ్ రాసినవాళ్లు, అందరికీ తెరిచి ఉన్న ఒక టైమ్ సర్వర్ చిరునామాను అంకెలతో సహా తెచ్చి నేరుగా పెట్టెలో అచ్చొత్తేశారు. ఇంకో సర్వర్ లేదు, ప్రత్యామ్నాయం లేదు. మాడిసన్ వాళ్లకు మాట మాత్రమైనా చెప్పలేదు. ప్రతి పెట్టే 23457 నుంచే అడగడానికి కారణమూ అదే. అన్నీ ఒకే ప్రోగ్రామ్ నకళ్లు.

ఆర్‌పీ614, ఎమ్‌ఆర్‌814, డీజీ814, హెచ్‌ఆర్‌314. మొత్తం నాలుగు మోడళ్లు. ఈ లోపంతో తయారై బయటికొచ్చిన పెట్టెలు 7,07,147. అన్నీ ఒకేసారి జవాబు లేకుండా ఉండిపోతే వచ్చేది సెకనుకు ఏడు లక్షల ప్రశ్నలు, నాలుగు వందల మెగాబిట్లకు పైగా.

*

టైమ్ అడగడమనే ఈ చిన్న పని వెనక చాలా పెద్ద బుర్ర ఉంది. డెలావేర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ మిల్స్ దీనికి ఆద్యుడు. ఎన్‌టీపీగా మనం పిలిచే ఈ పద్ధతి తొలి పత్రాన్ని ఆయన 1985లో రాశారు. అడిగేవాడు తన గడియారం చూసుకుని ప్రశ్న పంపుతాడు. సర్వర్ ప్రశ్న అందిన క్షణాన్నీ, జవాబు పంపిన క్షణాన్నీ రాసి తిరిగి పంపుతుంది. జవాబు చేరిన క్షణాన్ని అడిగేవాడు మళ్లీ రాసుకుంటాడు. ఈ నాలుగు క్షణాల నుంచి దారిలో ఎంత ఆలస్యమైందో, తన గడియారం ఎంత ముందుందో, ఎంత వెనకుందో లెక్క తేలుతుంది. మిల్స్ నిజంగా మర్యాద చూపింది ఎన్నిసార్లు అడగాలన్న విషయంలో. ఆయన ప్రోగ్రామ్ మామూలుగా 64 సెకన్లకోసారి అడగడంతో మొదలుపెడుతుంది. గడియారం కుదురుకునేకొద్దీ ఎడం పెంచుకుంటూ 1,024 సెకన్ల దాకా, అంటే పదిహేడు నిమిషాల దాకా పోతుంది. అవతల ఉన్నది ఒకరి సర్వరనీ, అడిగేది తనొక్కడే కాదనీ దానికి తెలుసు. చవక రౌటర్లో పెట్టినది ఆ పద్ధతికి సరళరూపం. సరళం చేసేటప్పుడు ఈ మర్యాదే జారిపోయింది.

ఇప్పుడు చేసేదేమిటి? నెట్‌గేర్ ఇంజినీర్లతో విశ్వవిద్యాలయం వాళ్లు కూర్చున్నారు. ప్రతి దారీ ఎక్కడో ఒకచోట మూసుకుపోయి ఉంది. నిబంధన అలాగే ఉంచితే పెట్టెలన్నీ సెకనుకోసారి అడుగుతూనే ఉంటాయి. సర్వర్‌ను తీసేసినా అంతే, జవాబు రాదు కాబట్టి రద్దీ ఇంకా పెరుగుతుంది. రౌటర్లో అంకెలకు బదులు పేరు రాసి ఉంటే, ఆ పేరును ఇంకో సర్వర్ వైపు తిప్పేవారు. సాయంత్రానికి సమస్య తీరేది. రాసినవి అంకెలు. ఆ అంకెలు విశ్వవిద్యాలయానివి. పెట్టెల్ని వెనక్కి రప్పించాలంటే అవి ఎవరి ఇంట్లో ఉన్నాయో తెలియాలి. దుకాణంలో కొనుక్కుపోయినవాళ్ల పేర్లు ఎవరి దగ్గరుంటాయి? తెలిసినా, నెట్ చక్కగా వస్తుంటే ‘మీ రౌటర్‌కు జబ్బు చేసింది’ అంటే నమ్మేదెవరు?

నెట్‌గేర్ కొత్త ఫర్మ్‌వేర్ విడుదల చేసింది. అది కంపెనీ సొంత సర్వర్లనే అడుగుతుంది. పది నిమిషాలకు ఒక్కసారే అడుగుతుంది. ఐదుసార్లు జవాబు రాకపోతే మానుకుంటుంది. మొదటి రోజే ఈ మూడూ ఉంటే ఈ గాథే లేదు. లోపాన్ని కనిపెట్టడంలో చేసిన సాయానికి విశ్వవిద్యాలయపు సమాచార సాంకేతిక విభాగానికి ఆ కంపెనీ 3,75,000 డాలర్లు విరాళంగా ఇచ్చింది. తప్పు బయటపడ్డాక బుకాయించకుండా కలిసి పనిచేసినందుకు కంపెనీకీ ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాలి. కానీ అప్పటికే ఇళ్లలో ఉన్న పెట్టెల సంగతి? రౌటర్ ఫర్మ్‌వేర్ మార్చుకునేవాళ్లు వందలో ఎందరుంటారో మనకు తెలియనిది కాదు. దిద్దుబాటు వచ్చాక కూడా మాడిసన్‌కు అప్పుడప్పుడూ సెకనుకు లక్ష ప్యాకెట్ల చొప్పున వరదలు వస్తూనే ఉన్నాయి.

2003 ఆగస్టు 21న ప్లోంకా జరిగినదంతా సాక్ష్యాలతో సహా ప్రచురించారు. అనుమానపడింది, పొరపడింది, తెలుసుకుంది, ఏదీ దాచలేదు. అందుకే ఇవాళ మనం ఈ కథ చెప్పుకోగలుగుతున్నాం.

*

మాడిసన్ ఒంటరి కాదు. అదే 2003లో ఆస్ట్రేలియా జాతీయ కొలతల ప్రయోగశాల తన టైమ్ సర్వర్లను జనానికి మూసేయాల్సి వచ్చింది. కారణం ఎస్ఎమ్‌సీ కంపెనీ రౌటర్లు. వాటిలోనూ చిరునామా అచ్చొత్తి ఉంది. 2005లో డెన్మార్క్‌లో పౌల్-హెన్నింగ్ క్యాంప్ అనే ప్రోగ్రామర్, తమ దేశంలోని వాళ్ల కోసం తను నడుపుతున్న సర్వర్ మీద ఉన్నట్టుండి భారం పెరగడం గమనించారు. తవ్వితే డీ-లింక్ రౌటర్లు తేలాయి. ఈసారి పెట్టెలో ఉన్నది అంకెలు కాదు, పేరే. అయినా ఆయనకు నష్టం తప్పలేదు, ఎందుకంటే ఆ పేరు వాడుకోవడానికి ఆయన్నెవరూ అడగలేదు. నెలల తరబడి కంపెనీతో తంటాలు పడి, 2006 ఏప్రిల్‌లో బహిరంగ లేఖ రాశాకే విషయం కదిలింది. ఆ నెలాఖరుకు ఇద్దరికీ రాజీ కుదిరింది.

మాడిసన్ అనుభవం నియమంగా మారడానికి రెండేళ్లు పట్టింది. 2004 డిసెంబరులో ప్లోంకా, మిల్స్, మరో ఇద్దరు కలిసి, ఇలాంటి రద్దీని టైమ్ సర్వర్లు ఎలా తట్టుకోవాలో ఒక పరిశోధన పత్రం సమర్పించారు. 2005 జూన్‌లో ఇంటర్నెట్ ప్రమాణాల సంఘం ప్లోంకా రాసిన ఆర్‌ఎఫ్‌సీ 4085 అనే మార్గదర్శక పత్రాన్ని వెలువరించింది. పరికరాల్లో ఇతరుల ఐపీ చిరునామాలు అచ్చొత్తడం హానికరమని అది తేల్చి చెప్పింది. 2006 జనవరిలో మిల్స్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 4330 వచ్చింది: ఏ పరిస్థితుల్లోనూ 15 సెకన్లకంటే తక్కువ ఎడంతో టైమ్ అడగకూడదు. ‘ఇక అడగొద్దు’ అని సర్వర్ చెబితే వినాలి.

ఇదంతా అమెరికా వాళ్ల పాత గొడవ అనుకుంటే పొరపాటు. 2022 ఏప్రిల్ 28న మన కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం, కంపెనీలు, డేటా సెంటర్లు, ప్రభుత్వ కార్యాలయాలు తమ కంప్యూటర్ల గడియారాలను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ సర్వర్లతోనో, న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వర్లతోనో, వాటితో సరిచూసుకున్న ఇతర సర్వర్లతోనో కలపాలి. హైదరాబాద్ హైటెక్ సిటీలోని కంపెనీకైనా, విశాఖలో పాతికమంది పనిచేసే ఆఫీసుకైనా ఇది వర్తిస్తుంది. ఆదేశం వెనక కారణం ఉంది. ఒక చోరీ జరిగితే పది కంప్యూటర్ల లాగ్‌లను పక్కపక్కన పెట్టి చదవాలి. ఒక్కోటి ఒక్కో టైమ్ చెబితే ఏది ముందో, ఏది తర్వాతో తేలదు. విండోస్ డొమైన్ ఉన్న ఆఫీసులో గడియారం ఐదు నిమిషాలకు మించి తేడా వస్తే, పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా లాగిన్ కాకపోవచ్చు.

అలాగని ఆఫీసులో రెండు వందల కంప్యూటర్లుంటే, టైమ్ కలిపేటప్పుడు అన్నిటినీ ఢిల్లీ వైపు తిప్పేయకండి. రెండు మూడు సర్వర్లు మాత్రం బయటికి అడగాలి. మిగతావన్నీ ఆ సర్వర్లనే అడగాలి. బయటికి అడిగేవాటికి ఒక్క ఆధారం చాలదు. రెండుంటే, ఆ రెండూ రెండు టైమ్‌లు చెబితే ఏది నిజమో తెలియదు. మూడుంటే మెజారిటీ తేలుతుంది. నాలుగుంటే ఒకటి పడిపోయినా ఇబ్బంది లేదు. ఫైర్‌వాల్‌లో 123వ పోర్టు దారి ఆ రెండు మూడు సర్వర్లకే తెరిస్తే చాలు. విండోస్ డొమైన్‌లో ఈ అంచెలు చాలావరకు వాటంతటవే ఏర్పడతాయి. పైన పీడీసీ ఎమ్యులేటర్ పాత్రలో ఉన్న సర్వర్‌కు మాత్రం బయట ఎవరిని అడగాలో మనమే చెప్పాలి. ఆ ఒక్కటి మరిచిపోతే ఆఫీసంతా ఒకే తప్పు టైమ్‌ను నమ్మకంగా పాటిస్తుంది.

ఆ పని ముగిశాక ఇంకో గంట కేటాయించండి. రౌటర్లు, సీసీ కెమెరాల రికార్డర్లు, బయోమెట్రిక్ హాజరు యంత్రాలు, ఐపీ ఫోన్లు ఒక్కొక్కటే తెరిచి టైమ్ సర్వర్ అన్న గడి చూడండి. ఫ్యాక్టరీలో ఎవరో రాసిపెట్టిందే ఉంటే తీసేసి మీ ఆఫీసు సర్వర్ పేరు రాయండి. తీయడానికి గడే లేకపోతే, ఫైర్‌వాల్ లాగ్‌లో అది ఎవరిని, ఎన్ని సెకన్లకోసారి అడుగుతోందో చూసి, తయారీ కంపెనీకి ఆ లాగ్‌తో సహా రాయండి.